దిండు పీల్చిన ఊపిరి

“ఉందే,” అందామె ఫోనులో. అన్నాక గాని తెలియలేదు, అది అనకూడని మాటని. పెద్దకూతురు ఆఫీసు నుంచి ఫోను చేసిందే ‘లేదు’ అనిపించుకోడానికి. కొత్త గౌను వేసుకున్న పిల్ల ఎలా ఉన్నానో చెప్పమని గిర్రున తిరిగినట్టు అంత హుషారుగా అడిగింది, “అమ్మా, నా పని నిన్న అన్ని మిషన్లలోకీ వెళ్ళిపోయింది, మన ఇంట్లోదానికీ వచ్చేసుంటుంది, తెర మీద కింద కుడి మూల చూడు, నారింజ రంగు చుక్క ఏమీ లేదు కదా?” అని. ఏమీ లేని చోటు చూసి ఏమీ లేదని చెప్పడం, అంతే ఆమె చెయ్యాల్సిన పని. కుడుతున్న ప్యాంటు అంచుకే సూది గుచ్చి, ఒళ్ళోని గుడ్డ కుర్చీ మీద పడేసి, చిన్నకూతురు పడుకున్న గదిలోకి పిల్లిలా వచ్చి, మంచం పక్క బల్ల మీద పుస్తకాలకి ఆనించిన ఆ పలకంత మిషన్ ముందు వంగి చూస్తే, ఉంది. ఆవగింజంత ఉంది. నీడలో కూర్చున్న పురుగు కన్నులా ఉంది. ఫోను అవతల పెద్దదాని నవ్వు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. “సరిగ్గా చూడమ్మా, మరకేమో, వేలితో తుడువు.” తుడిచింది. మరకైతే గోటి కిందికి పోవాలి, ఇది గోటి మీదికే ఎక్కి వెలిగింది. మరకల సంగతి ఆమెకి చెప్పాలా? ముప్ఫై ఏళ్ళ నుంచి ఊళ్ళోవాళ్ళ బట్టలు బాగుచేస్తోంది, సిరా మరక, తుప్పు మరక, నూనె మరక, ఏది దేనికి వదులుతుందో ముక్కుతో చెప్పగలదు. ఇది వదిలే రకం కాదు.

వదలదనే కదా పెద్దది చెప్పింది, మొన్నొక రోజు, ఇదే గుమ్మం దగ్గర గోడకి జారగిలబడి. నువ్వు ఇన్నాళ్ళూ రాత్రనక పగలనక ఆ కంప్యూటర్ ముందు కూర్చుని చేస్తున్న పనేమిటే అని అడిగితే, కెర్నెల్ అంది. కెర్నెల్ అంటే ఏమిటే అంటే, నువ్వేనమ్మా అంది. ఇంట్లో ఎవరికి ఏం కావాలన్నా నిన్నే అడుగుతారు, నీ చేతిమీదుగా రానిది ఏదీ ఎవరికీ అందదు, అయినా నువ్వు ఉన్నావని ఎవరూ అనుకోరు, మిషన్లో అడుగున అలాంటిది ఒకటుంటుంది, అదే కెర్నెల్ అంది. మరి నేను పడిపోతే అని అడిగింది ఆమె, ఆమెకి వేరే ప్రశ్న రాదు. పెద్దది నవ్వి, అందుకే అంది, నువ్వు సరిగ్గా ఉన్నావో లేదో చూసుకోడానికి మేము టెస్ట్ మాడ్యూల్ అని ఒకటి లోపలికి ఎక్కిస్తాం, నీ కచ్చా కుట్టు లాంటిది, అతికిందో లేదో చూడ్డానికి వదులుగా వేసి తరవాత పీకేస్తావే, అది. పీకేస్తే ఇంకేం గొడవ? గొడవ లేదమ్మా, కాని సూది దిగిన చోట గుడ్డకి చిన్న చిన్న కన్నాలు ఉండిపోతాయా లేదా? ఉంటాయి. ఆ కన్నాలు కనబడేలా చెయ్యడమే నా పని. టెస్ట్ మాడ్యూల్ లోపలికి ఎక్కిందంటే చాలు, కెర్నెల్ తన మీద తానే గుర్తు పెట్టుకుంటుంది, మాడ్యూల్ని దింపేసినా గుర్తు దిగదు, మొత్తం ఆపి మళ్ళీ మొదలుపెడితే తప్ప పోదు. గుర్తుంటే మిషన్ పాడైందని కాదు, ఇక్కడ పరీక్ష జరిగింది, దీని మాట పూర్తిగా నమ్మకండి అని అదే చెప్పుకోవడం. దీని మీద దెబ్బలాటలు కూడా అయ్యాయట ఆఫీసులో, తెర మీద చుక్క వద్దు, జనం హడలిపోతారు, లోపలెక్కడో రాసుకుంటే చాలు అన్నాడట పై అధికారి. మా అమ్మలాంటి వాళ్ళకి కూడా కనబడాలి అందట ఇది. మీ అమ్మ భయపడదా అంటే, మా అమ్మ ఎలాగూ భయపడుతుంది, దేనికి భయపడాలో తెలిస్తే ఆవిడకీ కాస్త సుఖం అందట. ఆ మాటకి ఆమె ఎంత మురిసిపోయిందని.

“అమ్మా, ఉన్నావా? ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యి. పక్కనున్న బటన్ నొక్కి పట్టుకో. ఆపితే పోతుంది.” నొక్కింది. తెర నల్లబడింది. ఆ నలుపులో ఆమె మొహం కనిపించింది, ఎవరి మొహమో అనిపించింది, నెరిసిన జుట్టు, నోట్లో ఇంకా ఉన్న దారం ముక్క. ఒకసారి వెలిగి ఆరి, గీతలు గీతలుగా ఏవో వచ్చి, చివరికి అంకె ఉండాల్సిన చోట రెండు చిన్న అడ్డగీతలు నిలబడ్డాయి, ఇంకా ఏమీ తెలియదు అన్నట్టు. మూల ఖాళీగా ఉంది. “పోయిందే,” అంది ఆమె. “అమ్మయ్య,” అంది పెద్దది, ఆ అమ్మయ్యలో గాలి పూర్తిగా బయటికి రాకుండానే అడ్డగీతలు పోయి పచ్చగా అంకె వచ్చింది, పదిహేను, పదహారు, దానితోపాటే, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చినట్టు, మూలన చుక్క. “మళ్ళీ వచ్చిందే!” దూరంగా ఎవరో దాన్ని పిలిచారు, టక టకా మీటలు కొట్టిన చప్పుడైంది. “దానంతట అదే ఎక్కుతోంది,” అంది, తల్లితో కాదు, తనలో తను. తరవాత తల్లితో, “నువ్వు కంగారు పడకమ్మా. ఇక్కణ్ణుంచి దాని లోపల ఏముందో చూసి, ఒక్క ఐదు నిమిషాల్లో చేస్తా. చుక్క చెడ్డది కాదని చెప్పానుగా?” చెప్పింది నిజమే. కాని ఐదు నిమిషాల్లో చేస్తా అన్న గొంతు, చిన్నప్పుడు చెయ్యి విరగ్గొట్టుకుని ఇంటికొచ్చి ఏం కాలేదమ్మా అన్న గొంతు.

కంగారు పడకంటే ఎలా? కంగారు పడకుండా ఎలా ఉండాలో ఆమెకి ఎవరు నేర్పారు? పిల్లల నాన్న ఆమెకి సైరన్ అని పేరు పెట్టాడు, ఆయన కోల్డ్ స్టోరేజిలో డ్యూటీ దిగేదాకా ఫోను పెట్టెలో పడేసి ఉంటాడు, ఆయనకి చెప్పుకోడానికీ లేదు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు, ఆమె కీడెంచడం దగ్గరే ఆగిపోయిందని ఆయన వేళాకోళం. ఎందుకు ఆగిపోయిందో ఆయనకి తెలియదా? చిన్నది పుట్టినప్పటి నుంచీ అంతే కదా. అందరు పిల్లలూ నిద్రలో పక్క తడుపుతారు, ఇది నిద్రలో ఊపిరి మర్చిపోతుంది. మెలకువగా ఉంటే లేడిపిల్ల, కన్ను మూసిందా, ఒక్కోసారి పీల్చడం అనే పని ఒకటి ఉందన్న సంగతే దాని ఒంటికి గుర్తుండదు, ఎవరైనా కుదిపితే, లేదా చప్పుడైతే, ఉలిక్కిపడి మళ్ళీ మొదలుపెడుతుంది. ఎవరైనా కుదపాలి. ఆ ఎవరైనా తనే. పదహారేళ్ళు దాని పక్కన పడుకుని, నిద్రలో కూడా నిద్రపోకుండా, చెయ్యి తీసుకెళ్ళి దాని ముక్కు దగ్గర పెట్టి, వేళ్ళకి వెచ్చగా తగిలితే తియ్యడం, తగలకపోతే కుదపడం. అది పెద్దదై ‘ఊపిరి పోలీసు’ అని పేరు పెట్టింది. “ఊపిరి పోలీసుగారూ, లైసెన్సు చూపించాలా?” అని నిద్రలోనే అనేది. అలా అలిసి అలిసి ఒక రోజు ఆమె సూదితో వేలినే కుట్టేసుకుంది, అప్పుడు తెచ్చింది పెద్దది ఈ మిషన్ని, వాళ్ళ ఆఫీసులో చేసేదే, ఛాతీకి పట్టీ, పట్టీకి తీగ, తీగకి పలక, నిమిషానికి ఎన్ని ఊపిర్లో పచ్చటి అంకె, ఊపిరి ఆగితే ఇల్లు లేచిపోయేలా మోత. తెచ్చి, తల్లి రెండు చేతులూ పట్టుకుని మాట తీసుకుంది. ఇక మీదట చెయ్యి పెట్టకూడదు, అంకె చూసుకో, పక్క గదిలో తలుపేసుకుని పడుకో, నీ చేతికంటే ఇదే నయం, ఇది నిద్రపోదు.

ఇది నిద్రపోదు. ఇప్పుడు కూడా అంకె చూసింది ఆమె, భయం వేసినప్పుడల్లా చూసుకోడం అలవాటై పోయింది. పదిహేను, పదహారు, పదిహేను. ఉంది, పిల్ల పీలుస్తోంది, చుక్క ఏదైనా కానీ. కిటికీ తెర గాలికి లోపలికి పొంగి మళ్ళీ చువ్వలకి అంటుకుంది. కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ అవక తన్నుతున్నారు, తన్ని తన్ని ఆగి మళ్ళీ తన్నుతున్నారు. చిన్నది గోడవైపు తిరిగి పడుకుంది, పొద్దున పరీక్ష రాసొచ్చి పుస్తకం మొహాన వేసుకుని పడింది, దుప్పటి మెడ దాకా ఉంది, మొహం కనబడటం లేదు, జడ మాత్రం మంచం అంచున వేలాడుతోంది. పదిహేను, పదహారు, పదిహేను. జోలపాటలా ఉంటుంది ఆ అంకె, ఎప్పుడు చూసినా అంతే, నెలల తరబడి అంతే, జ్వరమొచ్చిన రోజు ఒళ్ళు కాలిపోతున్నా అంతే. ఆ రోజు, ఎంత మంచి ఊపిరే నీది అనుకుంది తను. మిషన్ ఒక్కసారీ మోగలేదు, దాని జబ్బు దానికే తగ్గిపోయిందేమో, ఆడపిల్లలకి వయసొస్తే ఇలాంటివి సర్దుకుంటాయేమో అనుకుని, పైకి అంటే పోతుందేమోనని ఎవరితోనూ అనకుండా, లోపలే మిఠాయిలా దాచుకుని చప్పరించుకుంది. మిషన్ మళ్ళీ మొదలైనప్పుడు అడ్డగీతలు ఉన్నాయి, చుక్క లేదు. చుక్క వచ్చాకే అంకె వచ్చింది. కాదు, రెండూ ఒక్కసారే వచ్చాయి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. పరీక్ష జరిగింది, దీని మాట పూర్తిగా నమ్మకండి అని అదే చెప్పుకోవడం. ఏ మాట? ఈ మిషన్ చెప్పేదే ఒక్క మాట. పదిహేను, పదహారు, పదిహేను, ఎక్కడో చూసింది ఈ అంకె, ఇక్కడ కాదు, వంటింట్లో, గట్టు మీద, ఎప్పుడు, ఎవరికి,

దిండుకి.

మిషన్ తెచ్చిన రోజు. చిన్నది ఇంకా కాలేజీ నుంచి రాలేదు, ఎలా పనిచేస్తుందో చూపిద్దామంటే కట్టడానికి మనిషి లేదు. నాకు కట్టు అంటే, నువ్వు భయంతో పరిగెత్తినట్టు పీలుస్తావు, అంకె పగిలిపోతుంది అని నవ్వి, పెద్దది దిండు తెచ్చి వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి, దాని నడుముకి పట్టీ చుట్టి, తన కంప్యూటర్ తగిలించి ఏవో మీటలు నొక్కింది. “దొంగ ఊపిరి ఒకటి ఎక్కిస్తున్నానమ్మా, అడుగు నుంచి, కెర్నెల్లోకే, పైనున్న తెరకి తేడా తెలీదు.” పచ్చగా వచ్చింది అంకె. దిండు ఊపిరి పీల్చింది. ఎంత నవ్వారు ఇద్దరూ, దిండుకి గురక లేదు, మీ నాన్న కంటే నయం అని తను అంటే, పెద్దది కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ దొంగ ఊపిరిని ఆపి మోత ఎలా ఉంటుందో వినిపించింది, తను అదిరిపడి బటన్ నొక్కి ఆపేసింది, మళ్ళీ వేసింది, దొంగ ఊపిరి పోయింది, పెద్దది మళ్ళీ ఎక్కించింది, మళ్ళీ ఏదో వెలిగితే తను మళ్ళీ ఆపేసింది. “అబ్బబ్బ, నువ్వు ఆపినప్పుడల్లా నేను ఎక్కించలేను తల్లీ, ఆన్ చెయ్యగానే దానంతట అదే ఎక్కేలా పెట్టేస్తున్నా, నీ ఇష్టమొచ్చినన్నిసార్లు ఆపుకో.” అంతలో చిన్నది వానలో తడిసి ఆకలి ఆకలి అంటూ వచ్చింది. తల తుడవడం, తిండి పెట్టడం, అక్కా ఇదేనా నా వాచ్‌మన్ అని అది మిషన్‌కి దండం పెట్టడం. ఆ సందడిలో పట్టీ దిండు మీంచి పిల్ల మీదికి మారింది. పట్టీ ఒక్కటే మారింది.

ఆమె చెయ్యి తనంతట తనే ముందుకెళ్ళింది. పలక పక్కన దూర్చిన తీగ మొదలు పట్టుకుంది. లాగితే మోగాలి. ఇల్లు లేచిపోయేలా మోగాలి, పిల్ల లేచి తిట్టాలి, తను పిచ్చిదై పోవాలి, అందరూ నవ్వాలి, సైరన్ మోగిందని ఆయన నవ్వాలి, దేవుడా, ఒక్కసారి నన్ను పిచ్చిదాన్ని చెయ్యి. లాగింది. తీగ ఆమె చేతిలోకి వచ్చేసింది, తెగిన బల్లి తోకలా వేలాడింది. పదిహేను. చూస్తూ నిలబడింది. పదహారు. వీధిలో బండి స్టార్టయి వెళ్ళిపోయింది. పదిహేను.

అప్పుడు ఆ నెలలన్నీ, గడిచిపోయాయనుకున్న రాత్రులన్నీ గిర్రున వెనక్కి తిరిగి గదిలోకి వచ్చేశాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ. పక్క గదిలో తలుపేసుకుని పదహారేళ్ళ నిద్ర ఒక్కసారిగా నిద్రపోయిన రాత్రులు, ఉదయం లేచి ఒళ్ళు విరుచుకుని, ఎంత హాయి అనుకున్న పొద్దులు. చెల్లెలి కొడుకు పెళ్ళికి వెళ్ళి, వాచ్‌మన్ ఉన్నాడుగా అని పిల్లని ఒక్కదాన్నే వదిలి, అక్కడ రెండో పూట భోజనానికి కూడా ఉండిపోయిన రోజు. తను నవ్వుతూ తింటున్నప్పుడు ఇక్కడ ఈ మంచం మీద, ఏమీ మోగకుండా. “పొద్దున్నే తల దిమ్ముగా ఉంటోందమ్మా,” అనేది చిన్నది, ఎన్నిసార్లు అంది, ఫోను చూస్తే దిమ్ముగా ఉండక ఏముంటుంది అని తను కసిరింది. ఊపిరి ఆగి, ఆగి, ఎవరూ కుదపక, చివరికి దాని ప్రాణమే దాన్ని కుదిపి లేపిన రాత్రులవి. జబ్బు తగ్గలేదు. మోత తగ్గింది. లోకంలో ప్రతి దానికీ భయపడింది తను, గ్యాసుకి, వానకి, మెట్లకి, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే, ఫోను రాకపోతే, అన్నిటికీ భయపడి, భయపడక్కర్లేదని ఒకే ఒక్క చోట నమ్మి భయం దించుకుంది. సరిగ్గా అక్కడే. కంచెని నమ్మి పడుకుంది. కంచె లేదు.

చెయ్యి. చెయ్యి పెట్టు. ఇన్ని ఆలోచనలు ఆలోచిస్తూ నిలబడ్డావేమే మొద్దుదానా, చెయ్యి పెట్టు. మంచం మీద మోకాలు మోపి, పిల్ల మీదుగా వంగి, దుప్పటి దించి, జుట్టు తప్పించి ముక్కు కింద వేళ్ళు పెట్టింది. ఏమీ తగల్లేదు. సూది పోట్లకి వేళ్ళు కాయకాచి ఉన్నాయి, అందుకని చెయ్యి తిప్పి వేళ్ళ వెనక వైపు పెట్టింది. ఏమీ తగల్లేదు. ఫ్యాను గాలి, అది పై నుంచి వస్తోంది, అది కాదు, కావాల్సింది కింది నుంచి వచ్చేది, వెచ్చనిది, తడి తడిగా ఉండేది. ఇప్పుడొస్తుంది. వదిలింది కాబోలు, ఇక పీలుస్తుంది, పీల్చి వదిలితే తగులుతుంది. తను కూడా పీల్చడం ఆపేసింది, తన ఊపిరి తగిలి మోసం చేస్తుందేమోనని. వెనక పలక పచ్చగా పీలుస్తూనే ఉంది, దర్జాగా, దిండులా, పదహారు. పుట్టినప్పుడు నర్సు దీన్ని కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తింది, అప్పుడూ ఇలాగే, గది నిండా మనుషులు, ఒక్కళ్ళకీ చప్పుడు లేదు, ఏడవ్వే, ఏడవ్వే తల్లీ, ఒక్కసారి ఏడు, జన్మలో నిన్నింక ఏడవనివ్వను, ఒక్కసారి ఏడు. ఏమీ తగల్లేదు. అప్పుడు ఆమె నోట్లోంచి వచ్చింది మాట కాదు. రెండు భుజాలూ పట్టుకుని కుదిపింది, దులిపింది, దుమ్ము పట్టిన తివాసీని దులిపినట్టు దులిపింది, పుస్తకం కింద పడింది, పట్టీ ఊడింది, జడ ఎగిరి ఆమె మొహానికే కొట్టింది.

చిన్నది నీళ్ళ అడుగు నుంచి పైకి తేలినట్టు నోరంతా తెరిచి గదిలో గాలంతా లోపలికి లాగింది.

తరవాత కళ్ళు తెరిచింది, ఎర్రగా ఉన్నాయి. “ఏంటమ్మా! భూకంపమా?” అంది. తల్లి మొహం ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా ఉండటం చూసి, తన ముక్కు కింద ఆ చేతిని చూసి, “ఓహో, ఊపిరి పోలీసు మళ్ళీ డ్యూటీలో చేరిందా? ఉద్యోగం పోయిందన్నారే?” అంది, మాటల మధ్య ఆయాసపడుతూ. ఆమె చెయ్యి తియ్యలేదు. వచ్చింది, తగిలింది, వెచ్చగా, తడిగా, పడుకునే ముందు తిన్న బిస్కెట్ల వాసనతో సహా వేళ్ళకి తగిలింది. పోయింది. మళ్ళీ వచ్చింది. “తలనొప్పి తన్నేస్తోందమ్మా,” అంది చిన్నది, ఈసారి కసరలేదు ఆమె. “లే. కూర్చో. పడుకోకు,” అంది, ఆ గొంతు తనది కానట్టు వినిపించింది.

ఫోను మోగింది. ఐదు నిమిషాలు ఇంకా అయ్యాయో లేదో. ఎత్తీ ఎత్తకముందే పెద్దది మొదలెట్టింది, ఎక్కడికో పరిగెడుతోంది, మెట్ల మీద చెప్పుల చప్పుడు, “అమ్మా, దాన్ని లేపు, ఇప్పుడే లేపు, ఆ అంకె చూడకు, అది దానిది కాదు, ఆ రోజు నేను దిండుకి పెట్టానే, ఆన్ చెయ్యగానే ఎక్కేలా, అది తియ్యలేదమ్మా, నేనే, నేనే తియ్యలేదు, ఆఫీసులో ఇన్ని వేల మిషన్లు చూస్తున్నాం, అన్నీ శుభ్రంగా ఉన్నాయి, గుర్తున్నది మనదొక్కటే, నేను పెట్టిన గుర్తే, నేను ఎక్కించిందే,” మాట మీద మాట పడి విరిగిపోతోంది. ఆమె నోరు తెరిచింది. తిట్టడానికే తెరిచింది, ఇన్ని నెలలు నన్ను నిద్రపుచ్చావు కదే, చెల్లెల్ని దిండుని చేశావు కదే, నా చెయ్యి తీయించావు కదే అని అడగడానికి, అన్నీ నోటి దాకా వచ్చి వరసలో నిలబడ్డాయి. “లేపాను,” అంది. “లేచి కూర్చుంది.” చిన్నది ఫోను వైపు తల చాపి, “అక్కా, నీ మిషన్ని కాదు, మీ అమ్మని ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యి బాబూ,” అని అరిచింది.

అవతల నుంచి నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగిపోయింది. తిట్లన్నీ నోట్లోనే పెట్టుకుని ఆమె విన్నది, పదహారేళ్ళు చీకట్లో వినడం నేర్చిన చెవి అది, ఫోను గరగరలో ఏముందో ఏం లేదో దానికి తెలుసు. పెద్దది పీల్చడం లేదు. ఏడుపు గొంతుకి అడ్డం పడి, ఎక్కడో ఒక మెట్టు మీద, గోడ పట్టుకుని, పీల్చడం మర్చిపోయి నిలబడింది. దానికేం జబ్బు లేదని ఇంతకాలం దాని ముక్కు దగ్గర చెయ్యి పెట్టనే లేదు తను.

“పెద్దదానా,” అందామె. “ఊపిరి పీల్చు.”

ఏమీ వినపడలేదు.

“నాకు వినపడేలా పీల్చవే.”

వచ్చింది, చిరిగిన గుడ్డని ఇంకా చింపినట్టు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఈ చెయ్యి చిన్నదాని ముక్కు కిందే ఉంది, దాని మీద వెచ్చగా తగులుతోంది. చెవిలో పెద్దదాని ఊపిరి. వెనక బల్ల మీద నారింజ చుక్క అలాగే వెలుగుతోంది. దాని పక్కన పచ్చ అంకె ఎంత చూపిస్తోందో ఆమె తిరిగి చూడలేదు.

“ఆఁ,” అంది. “ఇంకోటి.”